ఐదో ఏట తేలే పోటీ

ఒకటి 79,900 రూపాయలు, రెండోది 79,999. తేడా 99 రూపాయలు. 2023 సెప్టెంబరులో యాపిల్ ఐఫోన్ 15నీ, నాలుగు నెలలు తిరిగాక 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్24నీ మన మార్కెట్లోకి దించినప్పుడు ప్రకటించిన ప్రారంభ ధరలివి. అమెరికాలో ఆ కాస్త తేడా కూడా లేదు, రెండూ 799 డాలర్లే. ధర ఒకటే, చేతిలో ఇమిడే సైజు ఒకటే, తయారుచేసినవి ప్రపంచంలోని రెండు అతి పెద్ద ఫోన్ కంపెనీలు. దాంతో ఆ ఏడాదంతా యూట్యూబ్ చానళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో, ఫోన్ షాపుల కౌంటర్ల దగ్గర ఈ రెండింటి మీద తగువు తెగలేదు. ఆ తగువు తీర్చడానికి సమీక్షకులు వారం పది రోజులు వాడి చూశారు. కొన్నవాళ్లు ఏళ్ల తరబడి వాడాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలుగు ఇళ్లలో ఖరీదైన ఫోన్ జీవితమంతా ఒకే చేతిలో గడవదు. కొడుకో కూతురో ఈఎంఐ మీద కొంటారు. రెండు మూడేళ్లకు కొత్తది తీసుకుని, పాతదాన్ని అమ్మకో నాన్నకో ఇస్తారు. ఐదో ఏడు వచ్చేసరికి అది గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక అమ్మ చేతిలో ఉంటుంది. ఆమె దానితోనే పాలవాడికి డబ్బులు పంపుతుంది, గ్యాస్ బుక్ చేస్తుంది, డాలస్‌లో ఉన్న మనవడిని వాట్సాప్‌లో చూసుకుంటుంది. సమీక్షలన్నీ మొదటి యజమాని కోసమే వస్తాయి. ఆ అమ్మ కోసం ఎవరూ రాయరు. ఈ రెండు ఫోన్లూ బయటికొచ్చి రెండేళ్లు దాటింది కాబట్టి, ఆమె వైపు నుంచి వీటిని బేరీజు వేయడానికి ఇప్పుడు కావలసినంత ఆధారం దొరుకుతోంది.

ముందు డబ్బా మీది లెక్కలు. వాటిలో శాంసంగ్‌దే పైచేయి, పెద్ద వాదన అక్కర్లేదు. 79,999 రూపాయలకు శాంసంగ్ 256 జీబీ స్టోరేజీ ఇస్తే, 79,900కు యాపిల్ ఇచ్చింది 128 జీబీ. ఐఫోన్ 15లోనూ 256 జీబీ కావాలంటే 89,900 కట్టాల్సి వచ్చింది. అంటే సమానంగా చూస్తే తేడా 99 రూపాయలు కాదు, దాదాపు 10 వేలు. రెండింట్లోనూ మెమరీ కార్డు పెట్టుకునే వీలు లేదు. పెళ్లి వీడియోలు, బంధువుల గ్రూపుల్లో రోజూ వచ్చిపడే శుభోదయం చిత్రాలు పోగుపడ్డాక ఈ తేడా బాగా తెలిసొస్తుంది.

గెలాక్సీ స్క్రీన్ సెకనుకు 120 సార్లు మారగలదు, ఐఫోన్ 15 స్క్రీన్ 60 సార్లే. ఐఫోన్ ధరలో మూడో వంతు కూడా లేని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా 120 హెర్ట్జ్ స్క్రీన్ వస్తున్న రోజుల్లో 80 వేల ఫోన్‌కు 60 హెర్ట్జ్ ఇవ్వడం కొనేవాళ్లను చిన్నచూపు చూడటమే. మామూలు ఐఫోన్‌కు 120 హెర్ట్జ్ ఇవ్వడానికి యాపిల్ 2025 సెప్టెంబరులో ఐఫోన్ 17 తెచ్చేదాకా ఆగింది. శాంసంగ్‌లో మూడు రెట్లు దగ్గరకు లాగే టెలిఫోటో కెమెరా విడిగా ఉంది. ఐఫోన్‌లో అది లేదు, 48 మెగాపిక్సెల్ సెన్సార్ మధ్యభాగాన్ని మాత్రమే వాడుకుని రెండు రెట్ల జూమ్ ఇస్తుంది. కల్యాణమండపంలో వెనక వరసలో కూర్చుని తలంబ్రాల ఫొటో తీయాలంటే గెలాక్సీ నయం. వీడియో తీయడానికైతే ఐఫోన్ మీదే ఎక్కువమందికి గురి, అది న్యాయమైన గురే.

సిమ్ విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ మన దగ్గర అది పెద్దదే. గెలాక్సీలో రెండు సిమ్ కార్డులు పెట్టుకోవచ్చు. ఇండియాలో అమ్మిన ఐఫోన్ 15లో ఒకటే కార్డు పడుతుంది, రెండో నంబరు ఈ-సిమ్‌గా ఉండాలి. అమెరికాలో కొన్న ఐఫోన్‌కు ఆ ఒక్క సిమ్ ట్రే కూడా ఉండదు. ఐఫోన్ 14 నుంచీ అక్కడి మోడళ్లన్నీ ఈ-సిమ్‌తోనే వస్తున్నాయి. న్యూజెర్సీ నుంచి సంక్రాంతికి వచ్చిన కొడుకు తన పాత ఐఫోన్ నాన్న చేతిలో పెడితే, ఆయన పదేళ్లుగా వాడుతున్న సిమ్ అందులో పట్టదు. నంబరును ఈ-సిమ్‌గా మార్చుకోవాలి. బ్యాంకు ఓటీపీలు, ఆధార్, పింఛను, అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ మార్పిడి పెద్దవాళ్లకు బెంగ పుట్టించే పని.

అమెరికాలో కొంటే చవక అన్న మాట మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. ఐఫోన్ 15 విషయంలో ఆ లెక్క ఒకసారి వేయాలి. 79,900లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది. పన్ను తీసేస్తే మిగిలేది దాదాపు 67,700 రూపాయలు. విడుదలనాటి మారకపు విలువ డాలరుకు 83 రూపాయల చొప్పున 799 డాలర్లంటే 66,300. ఆ 799 మీద అక్కడి చాలా రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను మళ్లీ వేరే. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో ఐఫోన్ 15 తయారీ మొదలుపెట్టి, విదేశాలతో పాటు అదే రోజు ఇక్కడా అమ్మకానికి పెట్టారు. గెలాక్సీ ఎస్24 నోయిడా ఫ్యాక్టరీలో తయారైంది. కాబట్టి సిమ్ ట్రే లేని ఫోన్‌ను సముద్రాలు దాటించి తెప్పించుకుంటే పెద్దగా మిగిలేదేమీ లేదు.

శాంసంగ్ విషయంలో మాత్రం అమెరికా కొనుగోలుదారుకు, మనకు మధ్య ఒక తేడా ఉంది. అది ఒప్పుకోదగ్గది కాదు. అమెరికాలో అమ్మిన గెలాక్సీ ఎస్24లో క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 ప్రాసెసర్ పెట్టారు. ఇండియాలో, యూరప్‌లో అమ్మిన ఫోన్లలో శాంసంగ్ సొంత ఎక్సినోస్ 2400. పేరు ఒకటే, డబ్బా ఒకటే, ధర దాదాపు ఒకటే, లోపలి గుండె వేరు. ఎక్సినోస్ 2400 చెత్త చిప్ కాదు. కానీ అంతకుముందు ఏడాది ఎస్23కి ప్రపంచమంతటా స్నాప్‌డ్రాగన్ ఇచ్చి, ఏడాది తిరగ్గానే మనల్ని మళ్లీ వేరే పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత 2025 పండుగ సేల్‌లో అదే ఎస్24ను స్నాప్‌డ్రాగన్‌తో ఇక్కడ 39,999కు అమ్మారు. మొదట్లో రెట్టింపు ధర పెట్టి ఎక్సినోస్ కొన్నవాళ్లు ఏమనుకోవాలి? నమ్మకమైన ఖాతాదారులకు ఇంతకంటే తప్పుడు సందేశం ఉండదు.

ఇక అసలు విషయం, అప్‌డేట్లు. ఫోన్ ఎప్పుడు ముసలిదవుతుందో నిర్ణయించేది ఇదే. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ ఆ రోజే చచ్చిపోదు. మెల్లగా ఒక్కో తలుపూ మూసుకుంటుంది. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత వెర్షన్లున్న ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం మానేసింది. అదే ఏడాది మే నుంచి ఐఓఎస్ 15.1 అందని ఐఫోన్ 5ఎస్, ఐఫోన్ 6లకూ అదే గతి పట్టింది. అంతకంటే పెద్ద ప్రమాదం కంటికి కనబడనిది. కొత్త భద్రతా లోపాలు బయటపడుతూ ఉంటాయి, వాటిని పూడ్చే ప్యాచ్ మాత్రం ఆ పాత ఫోన్‌కు రాదు. అందులోనేమో అమ్మ బ్యాంకు ఖాతా, యూపీఐ పిన్.

ఇక్కడ రెండు కంపెనీల చరిత్రలూ పూర్తిగా ఎదురెదురు. గెలాక్సీ ఎస్24 విడుదలలో శాంసంగ్ ఏడు తరాల ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఏడేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. అంటే 2031 జనవరి దాకా. అంతకు మూడు నెలల ముందు గూగుల్ తన పిక్సెల్ 8కి ఇదే మాట ఇచ్చింది. దాంతో శాంసంగ్ వెనకబడలేకపోయింది. మంచిదే, పోటీ అంటే అలాగే ఉండాలి. కానీ శాంసంగ్ గతం చూస్తే ఈ మాట ఎంత కొత్తదో తెలుస్తుంది. 2017లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన గెలాక్సీ ఎస్8 ఆండ్రాయిడ్ 9 దగ్గర ఆగిపోయింది. 2019లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ఎస్10 ఆండ్రాయిడ్ 12 దాటలేదు. వీటిని 60 వేలు, 70 వేలు పోసి కొన్నవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు.

యాపిల్‌ది తలకిందుల కథ. కాగితం మీద మాట ఇచ్చే అలవాటు ఆ కంపెనీకి లేదు, చేసి చూపించే అలవాటుంది. 2018లో ఐఓఎస్ 12తో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్‌కు 2024లో ఐఓఎస్ 18 అందింది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు తొమ్మిదేళ్లు దాటాక, 2023 జనవరిలో కూడా ఒక భద్రతా ప్యాచ్ పంపారు. ఆండ్రాయిడ్ ప్రపంచంలో అలాంటి ఉదాహరణ వెతికినా దొరకడం కష్టం. మరి రాతపూర్వకంగా ఎంత? 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్‌కు కలిసే ప్రతి పరికరానికీ కనీసం ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో తయారీదారు బహిరంగంగా చెప్పి తీరాలని దాని షరతు. అప్పుడు యాపిల్ ఐఫోన్ 15 ప్రో మాక్స్‌కు రాసిచ్చిన గడువు కనీసం ఐదేళ్లు. చేతల్లో ఏడేళ్లు దాటించే కంపెనీ కలం పట్టేసరికి ఐదు దగ్గరే ఆగింది. చట్టం అడగకపోయి ఉంటే ఆ ఐదైనా రాసి ఉండేది కాదు.

ఒకరి దగ్గర మాట ఉంది, చరిత్ర లేదు. రెండోవారి దగ్గర చరిత్ర ఉంది, మాట లేదు. కొనేవాడికి రెండూ కావాలి.

కృత్రిమ మేధ పేరు చెప్పి జరిగిన వ్యాపారంలో ఈ అనిశ్చితి ఇంకా బాగా బయటపడింది. ఐఫోన్ 15 వచ్చిన తొమ్మిది నెలలకే, 2024 జూన్‌లో యాపిల్ తన ఏఐ సదుపాయాలను ఆర్భాటంగా ప్రకటించింది. ఐఫోన్ 15 వాటికి పనికిరాదని కూడా అప్పుడే తేల్చింది. అప్పటికి యాపిల్ దుకాణాల్లో అమ్ముతున్న సరికొత్త మామూలు ఐఫోన్ అదే. 8 జీబీ ర్యామ్ ఉన్న ప్రో మోడళ్లకే ప్రవేశం, మామూలు ఐఫోన్ 15లో ఉన్నది 6 జీబీ. 80 వేలు పెట్టి కొన్న ఫోన్ ఏడాది తిరక్కుండానే కంపెనీ దృష్టిలో పాతబడిపోయింది. శాంసంగ్ ఎస్24ను మొదటి రోజు నుంచే ఏఐ ఫోన్ అంటూ అమ్మింది, ఫోన్ మాట్లాడుతుండగానే అనువాదం చేసి వినిపిస్తుందంది. కానీ విడుదలనాటికి అందులో ఉన్న భారతీయ భాష హిందీ ఒక్కటే. పైగా ఆ ఏఐ సదుపాయాలు 2025 చివరిదాకా ఉచితమని ప్రకటనల అడుగున చిన్న అక్షరాల్లో రాసిపెట్టారు. తెలుగువాళ్లకు సంబంధించినంతవరకు ఈ పోటీలో ఇద్దరూ పరీక్షకే రాలేదు. అమ్మకు నిజంగా ఉపయోగపడేది తెలుగులో మాట్లాడితే అక్షరాలై పడే వాయిస్ టైపింగ్. గూగుల్ ఆ సదుపాయాన్ని తెలుగుకు 2017లోనే ఇచ్చింది. దానికి 80 వేల ఫోన్ అక్కర్లేదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం ఆగి చూడాలి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలాయి. జ్ఞా అనే సంయుక్తాక్షరాన్ని ఒకానొక క్రమంలో కూర్చిన సంకేతం మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తం మొరాయించేది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఆ లోపాన్ని యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో ఆకతాయిలు ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని వినోదించారు. కానీ ఒత్తులు, గుణింతాలు కలిసి ఒకే అక్షరంగా ఏర్పడే మన లిపిని ఆ కంపెనీ ఎంత అజాగ్రత్తగా పరీక్షించిందో ఆ ఘటన చూపించింది. ఎనిమిది కోట్ల మందికి మాతృభాష అయిన తెలుగుకు అంతకంటే మంచి మర్యాద దక్కాలి.

సెట్టింగ్స్, మెనూలు అన్నీ తెలుగులో కనబడే ఏర్పాటు శాంసంగ్ ఫోన్లలో ఏళ్ల తరబడి ఉంది. ఐఫోన్‌లో అది 2025 మార్చి చివర్లో, ఐఓఎస్ 18.4తో వచ్చింది. తెలుగుతో పాటు మరో తొమ్మిది భాషలను యాపిల్ అప్పుడు చేర్చింది. ఆలస్యంగానైనా వచ్చింది, అదీ పాత ఫోన్లకూ అప్‌డేట్ రూపంలో అందింది కాబట్టి అభినందించాలి. ఐఫోన్ 15 ఈ రోజు అమ్మ చేతికి వెళితే, కొన్ననాటికంటే అది ఆమెకు మెరుగైన ఫోనే. అప్‌డేట్ల విలువ ఏమిటో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

ఐదో ఏడు అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది బ్యాటరీ. ఐఫోన్ 15లో 3,349 ఎంఏహెచ్, గెలాక్సీ ఎస్24లో 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది. రోజంతా వచ్చే విషయంలో రెండూ దాదాపు సమానమే, ఐఫోన్ తక్కువలోనే పొదుపుగా సరిపెట్టుకుంటుంది. పట్టించుకోవాల్సింది ఎన్నేళ్లకు ఎంత అరుగుతుందన్నది. లిథియం అయాన్ బ్యాటరీకి ఇద్దరు శత్రువులు. ఒకటి వేడి, రెండోది నిండుగా వంద శాతం ఛార్జింగ్‌తో గంటలకొద్దీ ఉండటం. యాపిల్, శాంసంగ్ రెండూ తమ ఫోన్లను వాడదగిన బయటి ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని రాసుకున్నాయి. రెంటచింతలలో, రామగుండంలో, ఖమ్మంలో ఏప్రిల్, మే నెలల పగళ్లు 35 దగ్గర ఆగవు, 45ను తాకుతాయి. ఎండలో బైక్ హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంకుతో ఛార్జింగ్ చేస్తూ తిరిగే డెలివరీ కుర్రాడి బ్యాటరీ ఎంత త్వరగా కుంగుతుందో ఏ విదేశీ సమీక్షలోనూ కనబడదు. బైక్ ఇంజన్ అదురు ఐఫోన్ కెమెరాలోని కుదుపు నియంత్రణ వ్యవస్థను పాడుచేయవచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక మన దగ్గర ఫోన్ కొనేటప్పుడు చెప్పే షాపు అరుదు.

ఈ విషయంలో రెండు ఫోన్లలోనూ ఒక మంచి సదుపాయం ఉంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. రాత్రంతా ఛార్జర్‌కు తగిలించి పడుకునేవాళ్లు దీన్ని ఈ రోజే పెట్టుకోవడం మేలు. ఐఫోన్ 15లో బ్యాటరీ ఎంత శాతం ఆరోగ్యంగా ఉందో, ఇప్పటికి ఎన్నిసార్లు ఛార్జింగ్ చక్రం పూర్తయిందో సెట్టింగ్స్‌లోనే కనబడుతుంది. వెయ్యి చక్రాల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగిలేలా ఐఫోన్ 15 బ్యాటరీని తయారుచేశామని యాపిల్ చెప్పింది. అంతకుముందు మోడళ్లకు ఆ అంకె 500. ఎస్24 విడుదలైనప్పుడు దాని సెట్టింగ్స్‌లో ఇలా శాతం చూపించే ఏర్పాటు లేదు. పాత ఫోన్ కొనేవాడికి, అమ్మకిచ్చే కొడుక్కి ఈ అంకె ఎంతో అవసరం. ఇక్కడ యాపిల్‌కు పూర్తి మార్కులు వేయాలి.

అయితే బ్యాటరీ విషయంలో నీతులు చెప్పే అర్హత ఇద్దరికీ తక్కువే. బ్యాటరీ అరిగిన ఐఫోన్లను తానే సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేస్తున్నానని యాపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీ కుదిరింది. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు మంటలంటుకుని, దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కి తెప్పించి, చివరికి ఆ మోడల్‌నే శాంసంగ్ మూసేసింది. అప్‌డేట్లతో పాత ఫోన్లను కుంగదీశారని 2018 అక్టోబరులో ఇటలీ నియంత్రణ సంస్థ ఒకే రోజు ఇద్దరికీ జరిమానా వేసింది. యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు. నీళ్లలో తడిసినా ఫర్వాలేదన్న ప్రకటనల మీద 2020లో ఇటలీ యాపిల్‌కు మరో కోటి యూరోలు వడ్డించింది. అలాంటి ప్రకటనల మీదే 2022లో ఆస్ట్రేలియా కోర్టు శాంసంగ్‌కు కోటీ 40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఐఫోన్ 15, ఎస్24 రెండింటికీ నీళ్లను తట్టుకుంటాయనే ఐపీ68 ముద్ర ఉంటుంది, రెండింటి వారంటీల్లోనూ నీళ్లు చేరితే బాధ్యత లేదనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు తడిసిన ఫోన్లకు ఆ ముద్ర ఏ భరోసా ఇవ్వలేదు.

స్క్రీన్ పగిలితే? హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళితే ఈ ప్రశ్నకు రకరకాల ధరల్లో జవాబు దొరుకుతుంది. ఒరిజినల్, పాత ఫోన్ల నుంచి తీసినవి, కాపీ కాంబోలు, అన్నీ ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో వారంటీ తీరిన ఫోన్లను బతికించేది ఇలాంటి సందుల్లోని మెకానిక్‌లే. వాళ్ల పనికి యాపిల్ చాలాకాలం అడ్డుపడింది. బయట స్క్రీనో బ్యాటరీయో మారిస్తే, గుర్తు తెలియని విడిభాగం ఉందంటూ ఫోన్ హెచ్చరిక చూపిస్తుంది. ఒక ఐఫోన్ నుంచి తీసిన అసలు భాగాన్ని ఇంకో ఐఫోన్‌కు వేసినా అదే తీరుగా ఉండేది. వినియోగదారుల ఉద్యమాల ఒత్తిడికి 2024లో యాపిల్ కొంత దిగొచ్చింది. ఐఫోన్ 15 నుంచి మొదలుపెట్టి, వాడిన అసలు విడిభాగాలను మార్చుకోవడానికి దారి తెరిచింది.

శాంసంగ్‌కు వేరే మచ్చ ఉంది. స్క్రీన్ మీద నిలువునా ఆకుపచ్చ గీత పడే సమస్య మన దగ్గర చాలామందికి తెలుసు. పాత ఎస్ సిరీస్ ఫోన్లు కొన్నిటికి 2024లో శాంసంగ్ ఇండియాలో ఒకసారి ఉచితంగా స్క్రీన్ మార్చి ఇచ్చింది. కొన్న తేదీ నుంచి మూడేళ్లలోపు అయితేనే. ఏడేళ్ల అప్‌డేట్ ఇస్తామన్న కంపెనీ స్క్రీన్‌కు ఎన్నేళ్ల పూచీ ఇస్తుంది? అప్‌డేట్ మాట నిలబడినా, స్క్రీన్ నాలుగో ఏట పోతే ఆ ఏడేళ్లకు అర్థమేముంది? ఇంకో సంగతి: ఐఫోన్ ఓలెడ్ స్క్రీన్లలో పెద్ద వాటా సరఫరా చేసేదీ శాంసంగే. 2011 నుంచి 2018 దాకా డిజైన్ కాపీ కొట్టావంటూ కోర్టుల్లో కొట్లాడుకుంటూనే విడిభాగాల వ్యాపారం సాగించారు. వాళ్లిద్దరి అభిమానులు ఇక్కడ ఎందుకంత కక్షతో వాదించుకుంటారో అర్థం కాదు.

తిరిగి అమ్మితే వచ్చే ధరలో ఐఫోన్‌దే గెలుపు. ఐఫోన్ 16 వచ్చాక, 2024 సెప్టెంబరులో యాపిల్ ఐఫోన్ 15 ధరను 69,900కు దించింది. అంతకంటే వేగంగా కొత్త ఎస్24 ధరే పడిపోయిందని పైన చెప్పిన 39,999 సేల్ చూపిస్తోంది. కొత్తదాని ధర సగానికి పడితే పాతదానికి ఎవరిస్తారు? రెండేళ్లకోసారి ఫోన్ మార్చి, పాతదాన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేవాళ్లకు ఐఫోన్ 15 లాభసాటి. అమ్మే ఉద్దేశం లేకుండా, ఇంట్లోనే చేతులు మార్చుకుంటూ ఆఖరిదాకా వాడేవాళ్లకు ఎస్24 మేలు. ఎక్కువ స్టోరేజీ, రెండు సిమ్‌లు, తెలుగులో మొదటి నుంచీ ఉన్న మెనూలు, అన్నిటికంటే మించి 2031 దాకా అని చెప్పిన గడువు, ఇవన్నీ అమ్మ పక్షాన ఉన్నాయి. 80 వేలను ఏడేళ్ల మీద పంచితే ఏడాదికి 11,400 పడుతుంది, మూడేళ్లకే పంచితే 26,600 పైనే. జీతం మీద బతికే ఇంటికి ఆ తేడా ఒక బిడ్డ పుస్తకాల ఖర్చు. అయితే ఈ తీర్పంతా శాంసంగ్ మాట మీద నిలబడి ఉంది. ఆ మాట తప్పితే కొన్నవాడి చేతిలో చూపించడానికి ఏముంది? బిల్లు మీద ఐఎంఈఐ నంబరు ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది, ఏడేళ్ల ఊసు ఉండదు.

పాల ప్యాకెట్ మీద ఏ తేదీలోపు వాడాలో అచ్చేయమని అడిగే ప్రభుత్వం, 80 వేల వస్తువు మీద భద్రతా అప్‌డేట్లు ఏ తేదీదాకా వస్తాయో అచ్చేయమని అడగకపోవడం వింత. మన దగ్గర కదలిక అసలు లేదని కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ, ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో మార్కుల్లో చెప్పే మరమ్మతు సూచిక ఇవ్వాలంటూ ఆ శాఖ వేసిన కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. ఆ మార్కులు ఫోన్లు అమ్మే చోట, ఆన్‌లైన్ పేజీలో, డబ్బా మీది క్యూఆర్ కోడ్‌లో కనబడాలంది. సిఫార్సు బాగుంది. కానీ ఆ మార్కులను కంపెనీలే తమకు తాము వేసుకుని ప్రకటిస్తాయట. పరీక్ష రాసినవాడి చేతికే పేపరు దిద్దడానికి ఇవ్వకూడదు, స్వతంత్ర తనిఖీ ఉండాలి. అప్‌డేట్ల గడువు, బ్యాటరీ చక్రాల సంఖ్య, విడిభాగాల ధర కూడా ఆ సూచికతో పాటే డబ్బా మీదికి రావాలి. అప్పుడు మాట తప్పిన కంపెనీని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటన పేరుతో నిలదీయడానికి కొన్నవాడి చేతిలో కాగితం ఉంటుంది.

ఇది అయ్యే పనేనా అంటే, యూరప్‌లో ఇప్పటికే అయింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త ఫోన్ మోడల్‌కూ ఒక లేబుల్ తప్పనిసరి. బ్యాటరీ 800 చక్రాల తర్వాత కనీసం 80 శాతం మిగలాలి, అమ్మకం ఆపేశాక కూడా ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి. ఆ లేబుల్ వచ్చాక శాంసంగ్ గెలాక్సీ ఎస్25 బ్యాటరీకి 2,000 చక్రాలని, ఐఫోన్ 16కు 1,000 అని, మరమ్మతులో రెండింటికీ సి గ్రేడేనని అందరికీ తెలిసింది. ఏ సమీక్షకుడూ వారం రోజుల్లో కనిపెట్టలేని సంగతులివి. అవే ఫోన్లు హైదరాబాద్, విశాఖ షోరూముల్లో ఆ లేబుల్ లేకుండా అమ్ముడవుతున్నాయి. అంకెలన్నీ కంపెనీల దగ్గర సిద్ధంగానే ఉన్నాయి, వాటిని ఇక్కడి డబ్బా మీద తెలుగులో కూడా ముద్రించడానికి వాళ్లు కొత్తగా ఒక్క పరీక్ష కూడా చేయనక్కర్లేదు.